నాన్న ఒంటి చెప్పుతో ఇంటికొచ్చిన రోజు

2004 వానాకాలంలో ఒక సాయంత్రం మా నాన్న చేపల చెరువు మీద నుంచి ఒక కాలికే చెప్పుతో ఇంటికి వచ్చారు. రెండో చెప్పు లేదన్న సంగతి ఆయనకు తెలియదు. అమ్మ చూసింది.

"ఏవండీ, ఎడంకాలి చెప్పేదండీ?"

"కాలికే ఉంది కదే," అన్నారు కిందికి చూడకుండానే. చూశాక, ఆ కాలు ఎవరిదో అన్నట్టు కాసేపు నిలబడి, "గట్టు మీద బురదలో ఉండిపోయుంటది," అన్నారు.

మర్నాడు చెప్పు దొరికింది. దాంతో విషయం ముగిసిందనుకున్నాం.

మాది కలిదిండి దగ్గర పల్లెటూరు. నాన్నకు షుగర్ ఉందని అప్పటికే కొన్నేళ్ళుగా తెలుసు. మాత్రలు వాడేవారు. అంటే, బిర్యానీ తిన్న రోజు తప్పకుండా వేసుకునేవారు. మిగతా రోజుల్లో ఒంట్లో బాగానే ఉండేది కాబట్టి మాత్ర వృథా చేయడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

ఆ చెప్పులేని నడకలో నత్తగుల్ల పెంకు ఒకటి అరికాల్లో దిగింది. దిగినట్టు ఆయనకు తెలియలేదు. కొన్నాళ్ళకు బొటనవేలి కింద పుండు కనిపించింది. నొప్పి లేదు. నొప్పి లేని పుండుకు డాక్టరు దగ్గరికి వెళ్ళడం మా వైపు డాబు కింద లెక్క. అందుకని నాన్న తనకు తెలిసిన వైద్యమే చేసుకున్నారు. చేపల ఒంటి మీద ఎర్రమచ్చలు, పుండ్లు కనిపిస్తే మావాళ్ళు చెరువులో సున్నం చల్లుతారు, పొటాషియం పర్మాంగనేట్ కలుపుతారు. ఆ మందుతో ఆయన ఎన్నో చేపల్ని బాగుచేశారు. బాగైన చేపలన్నీ తర్వాత లారీ ఎక్కి వెళ్ళిపోయాయి, అది వేరే సంగతి.

బకెట్టులో వేడినీళ్ళు పోసి, అందులో ఆ మందు కలిపి, కాలు పెట్టుకుని కూర్చున్నారు. ఎకరం చెరువుకి వేసే లెక్కని బకెట్టుకి దింపడంలో ఆయన అంచనా కాస్త చెరువు వైపే మొగ్గింది. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో కాలు చెప్పలేదు. చెయ్యి పెట్టి చూడాలని ఆయనకు తోచలేదు.

అప్పుడు నేను ఏలూరులో బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. సెలవుకి ఇంటికి వెళ్ళేసరికి అరికాలు నల్లబడింది, చర్మం మేజోడులా ఊడివస్తోంది. నాన్న మాత్రం ఉత్సాహంగా ఉన్నారు.

"చూడరా, ఎలా ఎండిపోయిందో."

అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి, "వాసన వస్తందిరా," అంది. చేపల ఊళ్ళో మనిషి వాసన గురించి మాట్లాడిందంటే పట్టించుకోవాల్సిందే.

ఏలూరు తీసుకెళ్ళాం. బ్లడ్ షుగర్, ఎక్స్‌రే, డాప్లర్, ఇంకా చాలా రాశారు. డాక్టరుగారు నాన్నని కళ్ళు మూసుకోమని, ఒక నైలాన్ దారంతో అరికాల్లో అక్కడక్కడా గుచ్చుతూ, తెలిసినప్పుడల్లా చెప్పమన్నారు. నాన్న చాలాసేపు మర్యాదగా ఊరుకుని, "మొదలెట్టండి డాక్టరుగారూ, చెబుతాను," అన్నారు.

డాక్టరుగారు దారం పక్కన పెట్టేశారు. పరీక్ష అప్పటికే అయిపోయింది.

"నొప్పి లేదా అండీ?"

"లేదండి, దేవుడి దయవల్ల."

"అదేనండీ జబ్బు. న్యూరోపతీ అంటాం. కాలికి స్పర్శ పోయింది. ఇన్ఫెక్షన్ ఎముక దాకా వెళ్ళింది, ఆస్టియోమైలైటిస్. రెండు వేళ్ళు తీసెయ్యాలి. అప్పటికీ కంట్రోల్ కాకపోతే బిలో నీ."

నాన్న నావైపు తిరిగారు. "బిలో నీ అంటే ఏంటిరా?"

ఇంగ్లీషులో నాకు మార్కులు బాగానే వచ్చేవి. ఆ రెండు మాటల్ని తెలుగులోకి తేవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. విన్నాక నాన్న ఒకటే అడిగారు, "మోకాలు దాకా తీసేస్తే గట్టు మీద ఎలా నడుస్తాను?" చెరువు పనంటే గట్టు చుట్టూ తిరగడమే. వేరే పని ఆయన నేర్చుకోలేదు.

ఎడంకాలి బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు. వార్డులో డ్రెస్సింగ్ చేసే సిస్టర్ పేరు గ్రేస్. నాన్న ఆవిడకి చేపల గురించి చెబుతూ ఉండేవారు, ఆవిడ వింటూ కట్టు కట్టేది.

"చేప బాగుందో లేదో ఎలా తెలుస్తది బాబాయ్‌గారూ?"

"వల వేసి నాలుగు పట్టి, రెండు పక్కలా తిప్పి చూస్తామమ్మా. మొప్పలెత్తి కూడా చూస్తాం. మచ్చ ఉంటే నా కంట పడాల్సిందే."

"ఎప్పుడెప్పుడు చూస్తారు?"

"వారం వారం. తప్పదు కదా."

"మరి మీ అరికాలు ఎప్పుడు చూశారు?"

నాన్న ఆలోచించారు. "అది కనపడదు కదమ్మా."

"చేప మాత్రం గట్టెక్కి కనపడతందేంటండీ?" అంది సిస్టర్, కట్టు బిగిస్తూ.

నేను నవ్వాను. నాన్న నవ్వలేదు.

ఇంటికి పంపేటప్పుడు నీళ్ళు తగలకూడదన్నారు. నాన్న సరేనన్నారు. ఆ తర్వాత పట్టుబడి వచ్చింది. అంటే ఏడాదంతా పెంచిన చేపల్ని వలలు లాగి పట్టే రోజు. ఆ రోజు ఇంట్లో కూర్చున్న చెరువు మనిషిని నేనైతే చూడలేదు. ఆయన కట్టు మీద చేపల మేత సంచి లోపలి ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు వేసుకుని గట్టు మీద నిలబడ్డారు. తడి వలలు పైకి లాగేటప్పుడు కవరులోకి నీళ్ళు వెళ్ళాయి. కవరు మంచిది కావడంతో వెళ్ళిన నీళ్ళు బయటికి రాలేదు. రెండు రోజులకి చలిజ్వరంతో మళ్ళీ అదే వార్డు.

డాక్టరుగారు ఈసారి నన్ను పక్కకి పిలిచారు. "మళ్ళీ డిబ్రైడ్‌మెంట్ చేస్తాను, చెడిన కండంతా తీసేస్తాను. యాంటీబయాటిక్, ఇన్సులిన్ నడుస్తాయి. ఈ వారం చూద్దాం. తగ్గకపోతే మీరు ఆలోచించుకోవడానికి ఇక ఏమీ ఉండదు."

వార్డు నిండా జనం. గ్రేస్ సిస్టర్ ఒక్కతే. "చదువుకున్నావు కదా తమ్ముడూ, చేతులు కడుక్కో," అంది. కడుక్కుని వచ్చాను. మళ్ళీ కడుక్కోమంది. సెలైన్, గాజుగుడ్డ ఇచ్చి చూపించింది. నేను మొదలుపెట్టగానే, "పుండు మీద కోపమా? మెల్లిగా. లోపలి నుంచి బయటికి," అంది. ఆ వారం డ్రెస్సింగ్ ఆవిడ చేస్తుంటే సాయం పట్టాను, తర్వాత నేను చేస్తుంటే ఆవిడ సాయం పట్టింది. నాన్న పైకప్పు చూస్తూ పడుకునేవారు. చేపల కబుర్లు మానేశారు.

ఒక ఉదయం కట్టు విప్పితే పుండు అడుగంతా ఎర్రగా ఉంది. నా చేతులు ఆగిపోయాయి. చెరువుల మధ్య పెరిగినవాడికి ఎరుపు అంటే ఒకటే అర్థం. నాన్న తల ఎత్తి నా మొహం చూశారు.

"ఎర్రగా ఉందా?"

"ఉంది నాన్నా."

"అయితే పోయినట్టే."

గ్రేస్ సిస్టర్ వచ్చి వంగి చూసింది. "ఇది మంచి ఎరుపు. గ్రాన్యులేషన్. కొత్త కండ వస్తంది."

"చేపకి ఎరుపొస్తే చెడ్డది కదమ్మా."

"మీరు చేప కాదు బాబాయ్‌గారూ! ఎన్నిసార్లు చెప్పాలి?"

డాక్టరుగారు రౌండ్సుకి వచ్చి చూసి, "సరే, కాలు మీ దగ్గరే ఉంచుకోండి," అని పక్క మంచానికి వెళ్ళిపోయారు. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నారు. కాసేపటికి అటు నుంచే, "మేత వేశారో లేదో కనుక్కోరా," అన్నారు.

డిగ్రీ అయ్యాక ఏం చేయాలో నాకు అంతకుముందు తెలియదు. ఆ ఎరుపు చూశాక తెలిసింది. తాడేపల్లిగూడెంలో నర్సింగ్ స్కూల్లో చేరతానన్నాను. అత్తిలి నుంచి మా మావయ్య పనిగట్టుకుని వచ్చాడు.

"ఏంటి అల్లుడూ, డిగ్రీ చదివి నర్సు పనా? రేపు పిల్లనిచ్చేవాళ్ళు కుర్రాడేం చేస్తాడంటే ఏం చెప్పమంటావు?"

నేను ఏదో జోకు వెతుక్కుంటుంటే, మంచం మీద నుంచి నాన్న అన్నారు, "బిలో నీ అంటే ఏంటో మా వాడికి తెలుసని చెప్పండి బావగారూ."

మావయ్యకి తెలియదు. అడగనూ లేదు.

స్కూల్లో మగవాళ్ళం కొద్దిమందిమే. వార్డుల్లో ముసలమ్మలు నన్ను సిస్టరుగారూ అని పిలిచి, నాలుక కరుచుకుని, డాక్టరుగారూ అని దిద్దుకునేవారు. రెండూ కాదని వివరించే లోపు వాళ్ళకి ఇంజెక్షన్ అయిపోయేది. ఆ విధంగా గందరగోళం కూడా కొంత పనికొచ్చింది. ఇప్పుడు ఏలూరులోనే ఒక ఆస్పత్రి సర్జికల్ వార్డులో పని చేస్తున్నాను. కిందటేడు మావయ్యకీ షుగర్ బయటపడింది. నా ఉద్యోగం గురించి ఏమీ అనకుండా వచ్చి కూర్చుని కాలు చాపాడు.

నాన్నకి ఎడంకాలికి మూడు వేళ్ళున్నాయి. షుగర్ ఉన్నవాళ్ళకిచ్చే మెత్తటి ఎమ్‌సీఆర్ చెప్పులు, వెనక బెల్టు ఉన్నవి, వేసుకుని గట్టు మీద తిరుగుతున్నారు. నీళ్ళలో దిగరు. మాత్రకీ బిర్యానీకీ ఇప్పుడు సంబంధం లేదు. పొద్దున్నే అమ్మ అద్దం నేల మీద పెట్టుకుని, పైన కాలు పట్టుకుని చూసుకుంటారు. కాలు చూసిన అద్దంలో బొట్టు ఎలా పెట్టుకోనని అమ్మ వేరే అద్దం కొనుక్కుంది. నేను ఫోన్ చేస్తే ముందు చెరువు సంగతి, తర్వాత కాలి సంగతి, ఒకే గొంతుతో చెబుతారు: "రెండు పక్కలా తిప్పి చూశాను. మచ్చ లేదు."

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో షుగర్ ఉన్న మనిషి ఎప్పుడైనా ఒంటి చెప్పుతో తిరిగొచ్చి, ఆ సంగతి మీరు చెబితే తప్ప తెలుసుకోకపోతే, చెప్పు కోసం వెతకడానికి తర్వాత వెళ్ళవచ్చు. ముందు ఆయన్ని కూర్చోబెట్టి కాలు చూడండి.