పెద్దమ్మ మెడలో కత్తెర

మా నగెదిలి పెద్దమ్మకు ఎదుటివాళ్ళ కుట్టు విప్పే జబ్బుంది. మా దీవిలో ఆడవాళ్ళం పొద్దస్తమానం మోలలు కుడుతూనే ఉంటాం. రంగురంగుల గుడ్డలు ఒకదానిమీద ఒకటి పేర్చి, కత్తిరించి, అంచులు మడిచి కుట్టే పలకలవి. రవికకు ముందొకటి, వెనకొకటి. పైకి దారం కనబడిందా, పెద్దమ్మ మెడలో వేలాడే కత్తెరకు పని పడ్డట్టే.

ఊరి సభలో ఊరిపెద్ద హితవులు పాటగా పాడుతుంటే కునికేవాళ్ళను "నిద్రపోకండర్రా!" అని కావలివాళ్ళు అరిచి లేపుతారు. వాళ్ళ వెనక పెద్దమ్మ కూర్చుంటే ఆ అరుపే అక్కర్లేదు. ఒకసారి ముందు బల్లమీది ఇల్లాలు లేచేసరికి రవిక వెనక పలక సగం ఊడి వేలాడుతోంది.

"ఇదేం పోయేకాలం నీకు?"

"అంతంత కుట్లు వేసుకుని నా కళ్ళముందు కూర్చోమన్నదెవరే?"

ఇక ఒకే ఇంట్లో ఉన్న నా గతి చెప్పాలా! అమ్మ పోయిన ఈ పదేళ్ళూ నేను కుట్టడం, ఆవిడ విప్పడం. వేళ్ళు కాయలు కాశాయి. విసుక్కునే ఓపిక కూడా పోయింది.

ఈ ఏడు మా అమ్మాయి ఒలొగిలి ఈడేరింది. విందుకు చెరకు రసం కాచి కుండల్లో పోశారు. పన్నెండు రోజులకు పులుస్తుందని రుచి చూసే ముసలాయన తేల్చాడు. పులిశాక విందు ఎవరికోసమూ ఆగదు. ఆ రోజుకు పిల్ల ఒంటిమీద కొత్త రవిక పడాలి. పెద్దమ్మ గీసిచ్చిన జంట గూడబాతుల బొమ్మతో ముందు పలక ముగించి, కొబ్బరితోటకు వెళ్ళొచ్చాను. ఆవిడ ఊయలలో ఉంది. ఒళ్ళో నా పలక, సగం విప్పేసి!

"కొంప ముంచావు కదే పెద్దమ్మా! ఇంకా రెండో పలక మొదలే పెట్టలేదే!" కూలబడి ఏడ్చేశాను.

"రెండోదాని సంగతి నీకెందుకు? దీన్ని సరిగ్గా ఏడువు."

ఏడుస్తూనే కుట్టాను. మరో రెండుసార్లు విప్పింది. పన్నెండో రోజు పొద్దున్న పలకను తిప్పి తిప్పి చూసి, కత్తెర ముట్టకుండా పెట్టె తెరిచింది. అడుగునుంచి ఒక మడత తీసి పక్కన పరిచింది. అవే గూడబాతులు.

"మీ అమ్మ ఆఖరి పలక. జత కుట్టకుండానే పోయింది. దీని పక్కన నిలబడే కుట్టు నీ చేతికి రావడానికి పదేళ్ళు పట్టింది కదే, మొద్దూ!"

అమ్మ కుట్టును వేలితో తడుముతూ పోయాను. ఒక పక్షి ముక్కు దగ్గర వేలు ఆగింది.

"పెద్దమ్మా, ఇక్కడ దారం పైకి కనబడుతోంది."

"నాకు తెలీదూ? పదేళ్ళుగా చెయ్యి దురద పెడుతూనే ఉంది." మెడలోంచి కత్తెర తీసి నా చేతిలో కుక్కింది. "విందయ్యేదాకా నాకివ్వకు."