రెక్కలకు దారం

బెల్లంపల్లిలో మా పక్కింటి సిపాయి సెలవుల మీద వస్తే ముందు పావురాలను పలకరించేవాడు, తర్వాత తల్లిని. మా వంతు వచ్చేసరికి మామూలుగా సెలవులే అయిపోయేవి.

కొత్త పావురం ఇల్లు మరిగేదాకా దాని రెక్కలకు దారం కట్టడం మా దగ్గర వాడుక. ఆయన కట్టేవాడు కాదు, గూటికి తలుపు కూడా పెట్టలేదు. "పోనియ్ తమ్మీ, రావాలనుకున్నది వస్తది" అనేవాడు. కొన్ని రాలేదు. ఆయన వాటినీ మర్యాదగానే తలుచుకునేవాడు.

బంగ్లాదేశ్ యుద్ధం గెలిచామని వాడంతా మిఠాయిలు పంచుకున్న వారంలోనే ఆయన చనిపోయినట్టు టెలిగ్రాం వచ్చింది. మిఠాయి పంచినవాళ్లే పరామర్శకూ వచ్చారు. మనవాళ్లు దేనికీ వెనుకాడరు.

కొన్నాళ్లకు ఆయన తల్లి మిద్దె ఎక్కి, ఉన్న పావురాలన్నిటి రెక్కలకూ దారం చుట్టింది.

"పిల్లి తిరుగుతున్నది అవ్వా. ఎగరకుంటే ఎట్ల బతుకుతయి? జర విప్పు" అన్నాను.

"విప్పితే పోతయి బిడ్డా. పోయినోడు వచ్చిండా?"

నేను మిద్దె దిగాను.

పిల్లి ఏమీ తొందరపడలేదు. ఎండాకాలానికి గూడు ఖాళీ అయింది. ఆఖరి ఈకలు ఊడుస్తూ అవ్వ నాతో అన్నది:

"ఒక్కటి గూడ ఎగిరిపోలే బిడ్డా."