కుప్పం స్టేషన్‌లో నేను పట్టిన ప్రొఫెసరు

కష్టపడి సంపాదించుకోబోతున్న డాక్టరేటును పట్టపగలు, పదిమందిలో, చేజేతులా తన్ని తగలేసుకోబోయిన కథ ఇది. నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఆరోజు బస్సులో నవ్వినవాళ్ళను మాత్రం ఇంకా క్షమించలేదు.

యుద్ధం రోజులవి. మాది మదనపల్లె. నా పేరు జ్ఞానప్రకాశం. ఆ పేరులోని రెండూ అప్పట్లో నాకు లేవని మీకే తెలుస్తుంది. పుంగనూరు పాలెగాళ్ళ చరిత్ర మీద యూనివర్సిటీలో పరిశోధన చేశాను. పాలెగాడంటే ఒకనాడు కొన్ని ఊళ్ళను ఏలుకున్న దొర. అతను ఏలిన సీమ పేరు పాలెం. పుంగనూరు పక్క చేలల్లో సగం పూడిపోయిన శాసనం రాయి ఒకటి నా కంటపడింది. దాన్ని పట్టుకుని దిండంత థీసిస్ రాసి పడేశాను. దాన్ని పరీక్షించే ప్రొఫెసరుగారు, "డిగ్రీ సంగతి తర్వాత. ముందు ఆ రాయిని నా కళ్ళతో చూడాలి. మద్రాసు నుంచి వచ్చి కుప్పంలో దిగుతాను, తీసుకుపో" అని కబురు పెట్టారు.

నాకు నేల మీద కాలు నిలవలేదు. అంతవరకూ ఆయన ముఖమే చూడలేదన్న చిన్న విషయం, రైలు కూత వినబడ్డాక గాని గుర్తు రాలేదు!

రైల్లోంచి ఇద్దరు దిగారు. మొదటాయన జరీ తలపాగా, నల్లకోటు, బంగారు కళ్ళజోడు, వెండిపొన్ను చేతికర్ర. గుర్రమొక్కటే తక్కువ, లేకుంటే ఊరేగింపే. రెండో ఆయన నలిగిన ఖద్దరు చొక్కాలో, చంకలో గుడ్డసంచితో, ఉతికి పిండి ఆరెయ్యడం మరిచిన తువ్వాలులా ఉన్నాడు. పండితుడెవరో వేరే చెప్పాలా? పరుగెత్తి జరీ తలపాగాకు దండం పెట్టాను.

"సార్, పుంగనూరికేనా?"

"హౌదప్పా! పుంగనూరుదే సూడల్లని వచ్చినా. నన్ను తీసకపోయేదానికి వచ్చింది నువ్వేనా?"

"నేనే సార్!"

ఇంతలో ఖద్దరు చొక్కా దగ్గరికొచ్చింది. "బాబూ, నేను కూడా పుంగనూరుది చూడాలనే..."

"పెద్దాయనతో మాట్లాడతాండాను, కనబడలేదా? ఆడ తాడు పట్టుకోని నిలబడుండే ఆయప్పని అడుగుపోండి!"

తాడు పట్టుకున్నది మునెప్ప అనే పశువుల బేరగాడు. పుంగనూరంటే నాకు పాలెగాళ్ళు గాని, లోకానికి పొట్టి ఆవులు. నేను పట్టుకున్న జరీ తలపాగా రుద్రప్ప, మద్రాసులో పని చూసుకుని, తిరుగుదారిలో ఆవు కొనడానికి దిగిన మైసూరు సీమ ఆసామి. నేను మునెప్పకు అప్పజెప్పింది అసలు ప్రొఫెసరుగారిని. మీకు తెలిసిపోయింది. నాకు తెలిస్తే కదా!

పెట్రోలు కరువై బస్సులు బొగ్గుతో నడుస్తున్న కాలం. మిట్ట వస్తే అందరూ దిగి తోయాలి. ఆ రొదలో గొంతు చించుకుని నా పరిశోధన మొదలుపెట్టాను.

"ఎత్తెంతప్పా?" అన్నాడు రుద్రప్ప.

"నడుం దాకా కూడా రాదు సార్. సగం భూమిలోకి దిగబడుండాది."

"అయ్యో! బతికుండాదా?"

"చరిత్రలో ఎప్పటికీ బతికే ఉంటాది సార్!"

"వంశం శుద్ధమేనా?"

"శుద్ధమే సార్. మధ్యలో ఒక దత్తుడు మాత్రం బయటినుంచి వచ్చినాడు."

"పక్కూరి ఎద్దా?"

పాలెగాణ్ణి పట్టుకుని ఎద్దంటాడా! మహాపండితులకు ఇంత హాస్యం ఉంటుందా అని మురిసిపోయాను. రుద్రప్ప ముందుకు వంగి, అసలు ప్రశ్న వేశాడు.

"పాలెంత?"

నా చెవికి 'పాలెం ఎంత' అని వినిపించింది. ఛాతీ విరిచి, "చిన్నా చితకా కాదు సార్, ఊళ్ళకు ఊళ్ళే!" అన్నాను.

"ఒక్కదానికే ఊళ్ళకు ఊళ్ళా!" ఆయన ఎగిరి లేచాడు. తలపాగా బస్సు కప్పుకు తగిలి నా ఒళ్ళో పడింది. "అదే నిజమైతే కళ్ళు మూసుకోని తీసుకుంటా!"

థీసిస్ తీసుకుంటాడట! డాక్టరేటు వచ్చేసినట్టే. బస్సంతా విరగబడి నవ్వుతుంటే, నా విద్వత్తుకు ముగ్ధులయ్యారనుకున్నాను. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. నేను రాయి ఈనిందంటే చెంబు తెచ్చే రకం.

పుంగనూరులో దిగి చేలగట్ల మీద నడిపించి, మట్టి తుడిచి, "ఇదే సార్!" అని చూపించాను. రుద్రప్ప రాయి చుట్టూ తిరిగాడు. వెనక్కి తొంగిచూశాడు.

"ఆవు యాడుండాదప్పా?"

"ఆవేంది సార్? ఇదే శాసనం!"

"దీంట్లో పాలు యాడ పిండాల?"

అప్పుడు వెలిగింది జ్ఞానం, ప్రకాశం, రెండూ కలిసి. ఖద్దరు చొక్కా కళ్ళముందు నిలిచింది. "దేవా!" అని రాయి మీదే కూలబడ్డాను.

మళ్ళీ బస్సు, మళ్ళీ తోపుడు. మరునాడు కుప్పం పక్క పల్లెలో మునెప్ప పశువుల పాక చేరుకున్నాం. ప్రొఫెసరుగారు మంచం మీద కూర్చున్నారు. ఎదురుగా పళ్ళూడిన ఆవు ఒకటి ఆయన్నే చూస్తూ నెమరేస్తోంది.

నన్ను చూడగానే మునెప్ప మొరపెట్టుకున్నాడు. "యాడ దొరికినాడప్పా ఈ సామి? మంచి పడుచావుల్ని తెచ్చి నిలబెడితే, 'ఇది కాదు, అన్నిటికంటే పాతది చూపించు' అంటాడు! ముసిలిదాన్నే అడిగే బేరం నా జన్మలో సూళ్ళేదు. ఊరంతా ఎతికి దీన్ని పట్టుకొచ్చినా!"

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ప్రొఫెసరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"జ్ఞానప్రకాశం అంటే నువ్వేనా?"

"అవును సార్."

"నీ పరీక్ష ఇక్కడే మొదలుపెడతాను. చెప్పు, పుంగనూరు పాలెం ఎంత?"

నేను నోరు తెరిచేలోగా రుద్రప్ప అడ్డంపడ్డాడు. "నమ్మొద్దండి సామీ! నేను సూసొచ్చినా. ఒక్క సుక్క గూడా లేదు!"

ప్రొఫెసరుగారు నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని, మంచం పట్టె పట్టుకుని, చివరికి ఆ ముసలావు మెడ పట్టుకుని నవ్వారు. మర్నాడు నాతో వచ్చి రాయి చూసి, అక్షరం అక్షరం చదివి, "రాయి మంచిదే. తెచ్చినవాడే..." అని ఆగిపోయారు. రుద్రప్పకూ ఒక పడుచావు దొరికింది.

డాక్టరేటు వచ్చింది. ఆ కబురు మదనపల్లె చేరిన వారానికే తెల్లవారుజామున తలుపు చప్పుడైంది. తీస్తే బి.కొత్తకోట రైతు, వెనక కడుపుబ్బిన దూడ.

"డాక్టరప్పా, ఈ దూడని సూడు సామీ!"

"నేను ఆ డాక్టర్ని కాదప్పా! చరిత్ర డాక్టర్ని!"

"నాకు తెలీదా సామీ? ఆపొద్దు బొగ్గు బస్సులో నీ వెనకాలే కూసోనుంటి. ఆవుల చరిత్ర అంతా నీకు నోటికే వచ్చు కదా!"

అందుకే సూర్యచంద్రుల సాక్షిగా, బొగ్గు బస్సు పొగ సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఎంతటి జరీ తలపాగా ఎదురైనా సరే, "అయ్యా, తమరు చదువుతారా, పితుకుతారా?" అని అడిగి తెలుసుకున్నాకే దండం పెడతాను.