మేనల్లుడి మీద అర్జీ

ఎక్కడ కూర్చున్నా ఏసుదాసు కుడికాలు నేలను మెల్లగా అదుముతుంది. జీపులో, ఆటోలో అంటే సరే. చర్చిలో కూడా అంతే. పాస్టరు ప్రసంగం వేగం అందుకుంటే చాలు, అతని పాదం బండను నొక్కడం మొదలుపెడుతుంది. ఆడవాళ్ళ వరుసలోంచి భార్య సువార్తమ్మ చూస్తూనే ఉంటుంది. ఇంటికొచ్చాక అడుగుతుంది:

"ఈ పొద్దు అయ్యగారికి ఎన్నిసార్లు బ్రేకేస్తివి?"

ఇరవై ఎనిమిదేళ్ళు ఆర్టీసీ బస్సు నడిపినవాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. మళ్ళీ ధర్మవరం, పెనుకొండ, హిందూపురం. అతని చక్రం కింద కోడిపిల్ల కూడా పడలేదు. తొంభై ఆరులో రిటైరయ్యాడు.

అతనికి ఇంకో పేరు కూడా ఉండేది. డీజిలు మిగిల్చేవాడని. అందుకు మూడుసార్లు బహుమతి ఇచ్చారు. మూడూ చేతిగడియారాలే. మిగిల్చే కిటుకు పెద్దదేమీ కాదు. పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య గుట్టల్లో ఒక పొడవాటి దిగుడుంది. దాని నెత్తిన గేరు తీసి, బండిని న్యూట్రల్లో వదిలేవాడు. బండి తన బరువుతో తానే దిగేది. అలా చేయకూడదని శిక్షణలో చెప్పారు. అతను తలూపాడు. ఆ తర్వాత కొలువు ఉన్నన్నాళ్ళూ వదులుతూనే వచ్చాడు.

అక్క కొడుకు సామ్యేలుకు డ్రైవింగు నేర్పింది అతనే. స్టీరింగు పట్టడం, అద్దం చూడడం, ఎద్దుల మనసు కనిపెట్టడం అన్నీ నేర్పాడు. దిగుడు కిటుకు కూడా నేర్పాడు. సామ్యేలు ఒక ప్రైవేటు బస్సుకు డ్రైవరయ్యాడు. అదే దారి.

తొంభై ఎనిమిదిలో, చెనిక్కాయల పంట ఇళ్ళకు చేరే రోజుల్లో, ఏసుదాసు కళ్ళద్దాలు మార్పించుకోవడానికి ధర్మవరం బయలుదేరాడు. మేనల్లుడి బస్సే ఎక్కాడు. డ్రైవరు పక్క సీటులో ఉన్నవాణ్ణి లేపి సామ్యేలు మామను కూర్చోబెట్టాడు. బస్సు నిండా జనం, టాపు మీద మూటలు, మూటల మీద మళ్ళీ జనం. వెనక సగం కాలేజీ పిల్లలే.

దిగుడు నెత్తికి రాగానే సామ్యేలు గేరు తీశాడు. అంతటితో ఆగలేదు. ఇంజను కూడా ఆపేశాడు.

బస్సులో నిశ్శబ్దం. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతదాకా అరుచుకుంటున్నవాళ్ళు గొంతు తగ్గించి హాయిగా మాట్లాడుకోసాగారు. వాళ్ళకు ఆ నిశ్శబ్దం ఇష్టం. ఏసుదాసు ముందున్న కడ్డీ పట్టుకున్నాడు. ఇంజను ఆగితే బ్రేకుకు గాలి నిండదు. తొక్కినప్పుడల్లా ఉన్న గాలి తరిగిపోతుంది. తను ఇంజను ఎప్పుడూ ఆపలేదు. తన బస్సు టాపు మీద మనుషులు ఎప్పుడూ లేరు.

రెండో మలుపులో ఎద్దులబండి అడ్డం వచ్చింది. సామ్యేలు తొక్కాడు. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ. జానెడు దూరంలో బండి పక్కకు పోయింది. వెనకనుంచి పిల్లలు ఈలలు వేశారు. సామ్యేలు చెయ్యి అలాంటిదని ఎవరో మెచ్చుకున్నారు. ఏసుదాసు కిందికి చూసుకున్నాడు. కుడికాలి చెప్పు వారు తెగి ఉంది.

ధర్మవరం బస్టాండులో మేనల్లుణ్ణి పక్కకు పిలిచి, ఇంకెప్పుడూ అలా దిగవద్దన్నాడు. సామ్యేలు నవ్వాడు. ఆ నవ్వు అరక్షణం ఆలస్యంగా వచ్చింది.

"నువ్వు నేర్పిన విద్యే కదా మామా. నీకు వాచీలిచ్చిరి. నాకు డీజిలు మిగుల్తాది. అంతే తేడా."

 ఏసుదాసు తెగిన చెప్పు ఈడ్చుకుంటూ కళ్ళద్దాల అంగడికి నడిచాడు.

మరునాడు హిందూపురంలో బస్సు యజమాని దగ్గరకు వెళ్ళాడు. ఆయన టీ తెప్పించాడు. మీవాడు మంచి పొదుపరి, మీ పెంపకం అన్నాడు. బ్రేకులు మెకానిక్కుకు చూపించమంటే పండగ పోనీ అన్నాడు. ఏ పండగో చెప్పలేదు.

మిగిలింది పోలీసులే. మూడురోజులు తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు నంబరు దాకా రాస్తాడు. డ్రైవరు పేరు దగ్గర కలం ఆగుతుంది. రోజూ తొమ్మిదింటికి ఆ బస్సు దిగుడు దిగే వేళకు గడియారం చూసుకుంటాడు. పదయ్యేదాకా పళ్ళెం ముందు కూర్చోడు.

"సొంత అల్లుని మీద రాస్తాండావా?" అంది సువార్తమ్మ. "రేపు మీ అక్క ముందర యాడ తల పెట్టుకుంటావు?"

"రాయకపోతే, వాని సమాధి కాడ పెట్టుకోవల్ల" అన్నాడు.

 ఆమె లోపలికి పోయి ఇస్త్రీ చొక్కా తెచ్చి కుర్చీ మీద వేసింది.

పెనుకొండ స్టేషన్లో ఎస్సై కుర్రవాడు. అర్జీ రెండుసార్లు చదివాడు. బయటనుంచి చూస్తే బస్సు మామూలుగానే దిగుతుంది కదా, ఇంజను ఆపినట్టు, గేరు తీసినట్టు మీకెలా తెలుసు అని అడిగాడు. పక్కన కూర్చుని చూశానన్నాడు ఏసుదాసు. ఇలాంటి పని వీళ్ళకు ఎవరు నేర్పుతారో అని ఎస్సై విసుక్కున్నాడు.

"నేనే సార్."

ఎస్సై తలెత్తాడు. ఏసుదాసు చెయ్యి చాపి అర్జీ వెనక్కి తీసుకున్నాడు. ఆ ముక్క కూడా కింద రాశాడు. ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా నేనూ అలాగే దిగాను, అతనికి నేర్పినవాణ్ణి నేనే అని. ఇది లేకపోయినా అర్జీ చెల్లుతుందన్నాడు ఎస్సై.

"చెల్లుతాది సార్. అయితే తప్పంతా వానిదే అవుతాది."

తర్వాతి ఏళ్ళలో రోడ్డు భద్రత వారం వచ్చినప్పుడల్లా పెనుకొండ పోలీసులు అతన్ని పిలిచి డ్రైవర్ల ముందు నిలబెట్టేవాళ్ళు. అతను మొదట ఈ సంగతే చెప్పేవాడు. ఆ రోజు మాత్రం అర్జీ ఎస్సై చేతికిచ్చి గబగబా బయటికి నడిచాడు.

రెండోనాడు ఎస్సై ఒక మెకానిక్కును వెంటబెట్టుకుని దిగుడు నెత్తిన బస్సు ఆపాడు. ఏసుదాసు అక్కడే, రోడ్డుపక్క నిలబడి ఉన్నాడు. అందరినీ దించారు. ఎండ, ఆలస్యం. ఎవరు ఫిర్యాదు చేశారో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ముసలాయనకు పనీపాటా లేదన్నారు. అల్లుడు నాలుగు మెతుకులు తింటుంటే ఓర్వలేదన్నారు. సామ్యేలు మామ వైపు చూడలేదు.

మెకానిక్కు వెనక చక్రం ఊడదీశాడు. అరగంట పట్టింది. తర్వాత అరిగి రేకులా పలచబడిన బ్రేకు లైనింగు తెచ్చి ఎస్సై చేతిలో పెట్టాడు. రివిట్లు బయటికి తేలి ఉన్నాయి. ఇంకో రెండు మూడు ట్రిప్పులు, అంతే, అన్నాడు. అది ఒక చేతినుంచి ఇంకో చేతికి మారింది.  ఒకావిడ బిడ్డను ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకుని దిగుడు వైపు చూసింది. వెనక వచ్చిన ఆర్టీసీ బస్సులో అందరినీ ఎక్కించారు.

బండి యజమాని మీద కేసు రాశారు. సామ్యేలుకు జరిమానా, హెచ్చరిక. లైసెన్సు అతని జేబులోనే ఉండనిచ్చారు.

రోడ్డు ఖాళీ అయ్యాక సామ్యేలు వచ్చి మామ పక్కన, మైలురాయి మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"ఆ పొద్దు ఎద్దులబండి కాడ రెండుసార్లు తొక్కితే పట్టలే మామా. మూడోసారి పట్టింది. ఎవరికీ చెప్పలే."

"చూసినా."

"ఓనరుకు చెబితే తాళం ఇంకొకనికి ఇస్తాడు. చెప్పకుంటే రోజూ ఈడికొచ్చేసరికి దేవుని పేరు తల్చుకుంటా దిగుతాంటి. నువ్వన్నా ఆపితివి."

   ఏసుదాసు ఆకలేస్తోందన్నాడు. ఇద్దరూ నడుచుకుంటూ పోయి ఊరిబయట హోటల్లో నాలుగు నాలుగు ఇడ్లీలు తిన్నారు. ఏసుదాసు ఇంకో రెండు తెప్పించుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే పాత స్నేహితుడు చెన్నప్ప దగ్గర ఖాళీ లారీ అడిగి తీసుకున్నాడు. స్టీరింగు ముందు సామ్యేలును కూర్చోబెట్టి దిగుడు నెత్తికి తీసుకుపోయాడు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలని చెప్పాడు. మేనల్లుడి చేతి మీద తన చెయ్యి వేసి రెండో గేరు వేయించాడు. ఇంజనే బరువు పట్టుకోగా లారీ మూలుగుతూ, నడిచే మనిషి కన్నా కొంచెం వేగంగా అడుగుదాకా దిగింది. కింద తిప్పించి మళ్ళీ పైకి పట్టించాడు. ఎండ ముదిరేలోగా నాలుగుసార్లు దిగారు.