వైర్ల మీద గొడుగు దెబ్బ

బాగలూరులో మాది రోజా తోట. తమ్ముడు మునిరాజు హోసూరులో కంపెనీకి పోతూ మత్తు మాత్రలకు అలవాటుపడ్డాడు. అవి మానేశాక నిద్ర పట్టడం పోయింది, మాట తగ్గిపోయింది. రోజంతా గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. కృష్ణగిరిలో డాక్టరు మందులతో పాటు న్యూరోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ కూడా ఇప్పిద్దామన్నారు.

మొదటి రోజు ఒక అమ్మాయి వాడి తలకు జిగురు పూసి వైర్లు అంటించింది. ఎదురుగా తెర మీద పడవ బొమ్మ. మనసు కుదురుగా ఉంటే పడవ కదులుతుందట. ఆమె పక్కగదిలోకి వెళ్లింది. కాసేపటికి పడవ ఆగింది, తెర నల్లబడింది, వాడి తల వాలిపోయింది.

"మునీ!" అని అరిచాను. ఉలుకూ పలుకూ లేదు.

ఆ వైర్ల నుంచి వాడికి కరెంటు కొట్టిందనుకున్నాను. మోటారు దగ్గర ఎవరికైనా కరెంటు కొడితే చేత్తో ముట్టకుండా ఎండు కట్టెతో కొట్టి విడిపించాలని మా తోటల్లో పిల్లలకు కూడా తెలుసు. కట్టె పిడి ఉన్న నా గొడుగు తిరగేసి వైర్లను బాదేశాను.

వాడు అదిరిపడి లేచాడు. "ఏందక్కా! ఇప్పుడే కన్ను మూతపడింది, లేపేసినావు కదా!"

ఆ అమ్మాయి పరుగున వచ్చింది. "ఇది తలలోకి కరెంటు పంపదమ్మా, లోపల ఏం జరుగుతోందో చూపిస్తుంది, అంతే. అన్న నిద్రపోయినాడు, అందుకే తెర ఆరిపోయింది."

శిక్షణ ఇంకా సాగుతోంది. నా గొడుగు మాత్రం బయటే పెట్టిస్తారు. ఇంట్లో వాడు నిద్రపోతే, ఛాతీ పైకీ కిందికీ ఆడుతోందని చూసుకున్నాకే నేను పూలు కోయడానికి పోతాను.