ఎర్ర సార్ చూసిన పాలపిట్ట

రాష్ట్రం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో ఎవరు కనపడ్డా తెలంగాణ గురించి చెప్పాలనిపించేది నాకు. పటాలంలో పక్క మంచం వాళ్లకు చెప్పీ చెప్పీ, వాళ్లు నన్ను చూస్తే తప్పుకుని పోయే దశ వచ్చాక, అదృష్టం కొద్దీ ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో వేసి కాంగోకు పంపారు. అక్కడ వినేవాళ్లు కొత్తవాళ్లు. మా గుడారాల పక్కనే విమానాల మైదానం, అందులో దక్షిణాఫ్రికా వాళ్ల యుద్ధ హెలికాప్టర్ల దళం. రాకెట్లు మోసేవి కాబట్టి మేం దాన్ని బాంబుల పటాలం అనేవాళ్లం. (వాటిని నేనే నడుపుతున్నానని కట్టంగూర్‌లో మా బాపు హోటల్లో అందరికీ చెప్పుకున్నాడట. నా పని నీళ్ల ట్యాంకర్ తోలడం.)

తెల్లారగానే ఆ దళంలో పైలట్లు, మెకానిక్కులు, వంటవాళ్లతో సహా అందరూ వరుసగా నిలబడి, తలలు వంచుకుని, మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచేవాళ్లు. మా హవల్దారు పాలమూరు మనిషి, మేమంతా మామ అనేవాళ్లం. పాపం ఎవరిదో ఉంగరం పోయిందనుకుని ఆయన కూడా పోయి చాలా రోజులు వెతికాడు. ఇంజన్లలోకి పోకుండా రాళ్లూ మేకులూ ఏరుతున్నారని తర్వాత తెలిసింది. ఏరడం అయ్యాక పాలు లేని టీలో గట్టి రొట్టెలు ముంచుకుని తింటూ ఒకర్నొకరు ఆట పట్టించుకునేవాళ్లు. పిలుపు వస్తే సగం టీ వదిలేసి, కొండల మీద కాల్పుల్లోకి ఎగిరిపోయేవాళ్లు. తిరిగొచ్చిన యంత్రాలకు తూటా చిల్లులుంటే పాటలు పాడుకుంటూ అతుకులు వేసేవాళ్లు. వాళ్లలో ఒకాయన పనల్లా పిట్టల్ని తోలడం, ఎందుకంటే పిట్ట ఇంజన్లో పడితే యంత్రం కూలిపోతుందట. ఖాకీ నిక్కరు, పెద్ద టోపీ, భుజాన చప్పుడు తుపాకీ. చూసిన రోజే ఆయనకు పిట్టల దొర అని పేరు పెట్టేశాం. (మన ఊళ్లలో కట్టె తుపాకీ పట్టుకుని గొప్పలు చెప్పి నవ్వించే పిట్టల దొరకు మేనత్త కొడుకులా ఉండేవాడు.)

ఆ ఏడు దసరా ముందు రోజు, నా దోస్తు మోత్కూరోడు కాపలా ఉన్న కొండ మీది చౌకీని తిరుగుబాటుదారులు చుట్టుముట్టారు. వాడి తొడలో తూటా దిగిందని వైర్‌లెస్‌లో కబురొచ్చింది. అక్కడికి రోడ్డు లేదు, ఆ దళంలో మనుషుల్ని మోసే హెలికాప్టర్ పోయి తేవాల్సిందే. పొద్దున మంచు విడవగానే తానే పోతానన్నాడు ఆ దళం పెద్ద, ఎండకు ముఖం కందిపోయిన ఎర్ర సార్. ఆ పూట మాకెవరికీ అన్నం సయించలేదు. తెల్లారి గడ్డం గీసుకుంటూ మామ నిట్టూర్చాడు.

“దసరా నాడు పాలపిట్టను చూడకుంట ఏ పని మొదలువెడ్తంరా? గీ దేశంల యాడ దొరుకుతది?”

దొరికింది. ఎర్ర సార్ ఎక్కి కూర్చున్న హెలికాప్టర్ రెక్క కొసనే కూర్చుంది. ట్యాంకర్ దగ్గర్నుంచి నేను చూసేసరికి పిట్టల దొర తుపాకీ ఎత్తాడు. మైదానంలో ఎవరూ పరుగెత్తరాదన్న నియమం మరిచి పరుగెత్తాను, ఆయన ముందు చేతులు చాపి నిలబడ్డాను. “నో సార్. స్టేట్ బర్డ్. మై స్టేట్. వన్ మినిట్.” నా ఇంగ్లీషు అక్కడికి అయిపోయింది. ఇంతలో మామ సగం చెంప నురగతోనే ఉరికొచ్చి చేతులు జోడించాడు.

“ఛాతి రంగు జర తేడా ఉంది మామా,” అన్నాను మెల్లగా.

“దుబాయి పోయినోడు రంగు మారడా? గిదీ గంతే. మొక్కు.”

ఎర్ర సార్ కిందికి దిగాడు. అప్పుడు తెలిసొచ్చింది నాకు. అక్కడ మోత్కూరోడి రక్తం కారిపోతుంటే, ఇక్కడ నేను పిట్ట కోసం హెలికాప్టర్ ఆపాను. ఏమిటిదని ఆయన అడిగితే మామే బదులిచ్చాడు. “సార్, టుడే దిస్ బర్డ్ లుక్, గో, విన్.” ఎర్ర సార్ ఒకసారి మామ నురగ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. తర్వాత హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, తలెత్తి పిట్టను నిదానంగా చూశాడు. పిట్టల దొర కూడా తుపాకీ దించి టోపీ తీశాడు. అప్పుడు విప్పింది రెక్కలు. మన చెలకల్లో కనిపించే అదే నీలం. ఎవరూ తోలకుండానే లేచిపోయింది. పరాయి దేశపు సైనికులు మా రాష్ట్ర పక్షికి టోపీలు తీయడం చూసి నా ఛాతీ ఎంత పొంగిందంటే, పరుగెత్తినందుకు మర్నాటి నుంచి నన్నూ రాళ్లేరే వరుసలో నిలబెడితే అదీ సన్మానం లాగే అనిపించింది.

పొద్దు వాలుతుండగా హెలికాప్టర్ తిరిగొచ్చింది. స్ట్రెచర్ మీద మోత్కూరోడు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాడు, కానీ కళ్లు తెరిచే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

“నన్ను ఎక్కిచ్చేటప్పుడు గా ఎర్రాయన చెవిల చెప్పిండురా. మీ రాష్ట్రం పిట్టను చూసొచ్చిన, నీకేం గాదు అన్నడు. గాయినకు మన పాలపిట్ట ఎట్ల తెలుసురా?”

నేనే చెప్పానని అందామంటే ఏడుపొచ్చేసింది. అంతలో పక్కనుంచి మామ, “నేనే చెప్పిన,” అన్నాడు.

ఇప్పుడు పింఛను తీసుకుని ఊళ్లోనే నిమ్మతోట చూసుకుంటున్నాను. దసరా నాడు బిడ్డను బండి ముందు కూర్చోబెట్టుకుని పాలపిట్ట కోసం చెలకల వెంట తిరుగుతాను. ఆనాటిలా పరుగెత్తనివ్వదు ఈ పొట్ట. కరెంటు తీగ మీద ఏదో కనపడితే చాలు, బండి ఆపి చేతులు జోడిస్తాను. “బాపూ, గది కాకి,” అంటుంది నా బిడ్డ. కాకే. అయినా జోడించిన చేతులు వెంటనే దించబుద్ధి కాదు.