నిద్ర లేవని పెట్టె

భావనారాయణకి మనుషుల మీదకన్నా పెట్టెల మీద అనుమానం ఎక్కువ. మైలవరంలో అర్చకుల ఇంట పుట్టి, హైదరాబాదులో ఓ చిన్న కంపెనీలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకునే మనిషి. ఎనభై ఏడు వేసవిలో నూజివీడులోని మా కోల్డ్ స్టోరేజీకి ఆయన వచ్చింది తను చేసిన పెట్టెనే అనుమానించడానికి. నేనక్కడ గుమాస్తాని. మొదట్లో ఆ మనిషి నాకు అసలు నచ్చలేదు. వచ్చిన రోజునే, ఇచ్చిన కాఫీ తాగకుండా, "ఈ పెట్టెని నమ్మకండి" అన్నాడు. అమ్మినవాడే అలా అంటే ఒళ్లు మండదా?

మామిడిపళ్ల గదిని చల్లబరిచేది అమ్మోనియా గ్యాసు. అది లీకైతే ఊపిరాడదు. లీకవగానే గంట కొట్టడమే ఆ పెట్టె పని. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద బతకాలి గనక, దాని మూల ప్రోగ్రాంని, కెర్నెల్ అంటారట, ఆయన నిద్రపోయేలా రాశాడు. గ్యాసు తగిలితే లేచి గంట కొట్టాలి. హైదరాబాదులో ఎన్నిసార్లు నిద్రపుచ్చినా లేచింది. మా దగ్గర మాత్రం ఒక్కోసారి లేవడం లేదు. ఎందుకో ఎవరికీ తెలియదు. గది లోపల మంగమ్మా, మరికొందరు ఆడవాళ్లూ రోజూ పళ్ల పెట్టెలు సర్దుతుంటారు.

కారణం తేలేదాకా ఎవర్నీ లోపలికి పంపొద్దని భావనారాయణ అంటే యజమాని లక్ష్మీనరసింహారావు గారు నవ్వారు.

"సీజన్లో తలుపులు మూసుకోమంటావేంటయ్యా? పచ్చలైటు వెలుగుతానే ఉందిగా!"

ఆ లైటు బ్యాటరీకి నేరుగా కలిపింది. ప్రోగ్రాం చచ్చినా అది వెలుగుతుంది. ఆ మాట చెప్పినా ఆయన చెవిన పెట్టలేదు.

భావనారాయణ పళ్ల గది పక్కనే నా ఆఫీసులో పెట్టె విప్పుకుని కూర్చున్నాడు. కరెంటు తీస్తాడు, అమ్మోనియాలో ముంచిన గుడ్డ దాని దగ్గర పెడతాడు, గంట మోగుతుంది. మళ్లీ తీస్తాడు, మళ్లీ మోగుతుంది. నా చెవులు చిల్లులు పడ్డాయి. ఓ మధ్యాహ్నం సబ్‌స్టేషన్ వాళ్లు మామూలుగానే మూడు ఫేజుల్లో ఒకటి, మా పెట్టెకి కరెంటిచ్చేదే, కట్ చేశారు. ఆయన గుడ్డ పెట్టాడు. మోగలేదు. మీటరు పెట్టి చూస్తే, కరెంటే ఉండకూడని తీగలో ఏదో వచ్చిపోతూ ఊగుతోంది.

"ఇదెక్కణ్ణుంచి వస్తోందండీ?" అన్నాడు.

పక్కతోట రైతు వీరయ్య నీళ్ల మోటారు నుంచి. ఒక ఫేజు పోతే మావైపు రైతులు ఊరుకోరు, కండెన్సర్ తగిలించి మిగతా రెండిటి మీదే మోటారు నడిపేస్తారు. అది మాకు మామూలే. అలా తిరిగే మోటారు పోయిన తీగలోకి దొంగ కరెంటు తోస్తుందని మేమెవరం ఆలోచించలేదు. వీరయ్యను బతిమాలి మోటారు ఆపిస్తే గంట మోగింది. మళ్లీ వేయిస్తే మోగలేదు.

"దొరికింది" అన్నాడాయన, ఏ సంతోషమూ లేకుండా. "ఇది పడుకునే ముందు అన్ని పిలుపులకీ చెవులు మూసుకుని, చివర్లో గ్యాసు పిలుపుకి మాత్రం తెరుస్తుంది. సరిగ్గా ఆ మధ్యలో ఈ దొంగ కరెంటు వల్ల, కరెంటొచ్చిందన్న పిలుపు తగిలితే, తెరవకుండానే పడుకుంటోంది. తప్పు నాదేనండి."

గుడ్డని సీసాలో కుక్కి బిరడా బిగించాడు. నేను కిటికీలు తెరిచాను. వాసన పోలేదు. ఇంకా ఘాటెక్కింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పచ్చలైటు నిక్షేపంగా వెలుగుతోంది.

ఆయన తువ్వాలు తడిపి ముక్కుకి కట్టుకుని, అరుస్తూ పళ్ల గదిలోకి పరుగెత్తాడు. లోపల పాత పైపు అతుకు వదిలేసింది. ఆడవాళ్లు దగ్గుతూ, ఏడుస్తూ బయటపడ్డారు. మంగమ్మ రాలేదు. చివరి వరస పెట్టెల వెనక పడిపోయిన ఆమెను రెక్కలు పట్టుకుని ఆయనే ఈడ్చుకొచ్చాడు. నేను గుమ్మం దాటి లోపలికి వెళ్లలేదు.

మంగమ్మ బతికింది. కానీ నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసపడేది. పైపు బాగుచేయించారు. భావనారాయణ ప్రోగ్రాం తిరగరాసి, వీరయ్య మోటారు నడుస్తుండగానే పదేపదే పరీక్షించాడు. ప్రతిసారీ మోగింది. యజమాని గది తెరిపించారు. కూలి మానుకుంటే గడవదు గనక మంగమ్మ వచ్చింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఈసారి మోగుద్దాండీ?" అని అడిగింది.

మోగుతుందనే పరీక్షలన్నీ చెబుతున్నాయి. హైదరాబాదు పరీక్షలూ అలాగే చెప్పాయి.

ఆమెకంటే ముందు భావనారాయణే లోపలికి వెళ్లి, చివరి వరస వెనక కూర్చున్నాడు. అప్పుడు మంగమ్మ కొంగు నడుముకి దోపుకుని లోపలికి నడిచింది. సీజను అయ్యేదాకా ఆయన రోజూ అక్కడే కూర్చున్నాడు. మోగుతుందని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.